దేశాంతరములు తిరిగిన మాయకథ

కథలను ప్రేమింపని జాతి లోకమున లేదు. ఏడు సముద్రముల కావల చెట్టుతొఱ్ఱలోని చిలుకయందు ప్రాణము దాచుకొన్న మాంత్రికుని కథ విని ఆశ్చర్యపడని తెలుగు బాలుడు ఉండడు. మాటలాడు బొమ్మలు, ఆకసమున నెగురు మంచములు, శాపముచే శిలలై పడియుండు రాకుమారులు మన బాల్యమునకు తోడునీడలు. పెద్దవారమైన పిమ్మట మాత్రము మనము వానిని పుక్కిటి పురాణములని త్రోసివేయుదుము. అవి పసిపిల్లలను నిదురపుచ్చుటకే గాని బుద్ధిమంతుల కెందుకని పలుకుదుము. ఈ మాట నిజమేనా? మాయకథలో పెద్దలు నేర్చుకొనదగిన దేమియు లేదా?

సరిగా ఈ ప్రశ్ననుగూర్చియే పదునెనిమిదవ శతాబ్దమున ఇటలీదేశమందలి వెనిస్ నగరమున గొప్ప వివాదము చెలరేగెను. ఆ వివాదమునుండి పుట్టిన నాటకములలో నొకదానికి మన భరతఖండముతో చుట్టఱికము కలదు. ఆ నాటకము కథయు, దానికి తోబుట్టువు వంటిదైన మన తెలుగు మాయానాటకము కథయు ఈ పాఠమున తెలిసికొందము.

వెనిస్ నగరము నీటిపై నిలిచిన పట్టణము. అచ్చట వీథులకు బదులు కాలువలు, బండ్లకు బదులు పడవలు. ఆ నగరవాసులకు నాటకములన్న ప్రాణము. వారి నాటకములలో ‘కొమ్మేదియా దెల్లార్తె’ అను పద్ధతి యొకటి చిరకాలముగా వాడుకలో నుండెను. ఈ పద్ధతిలో నటులు వ్రాసిన సంభాషణలను వల్లె వేయరు. కథ యిట్లు నడచునని స్థూలముగా నిర్ణయించుకొని, రంగముపై నిలిచి, సమయమునకు తగిన మాటలను అప్పటికప్పుడు కల్పించుకొని పలుకుదురు. మన వీథిభాగవతములయందును హాస్యగాడు ఇట్లే సభనుబట్టి మాటలు అల్లుట కలదు. ఇటలీ నటులు ముఖములకు తోలుముసుగులు ధరించెడివారు. ఆ ముసుగునుబట్టి పాత్రను పోల్చుకొనవచ్చును. పంతలోనే యన్నచో వృద్ధుడైన వెనిస్ వర్తకుడు. తర్తాల్యా యన్నచో నత్తివాడు. త్రుఫ్ఫల్దీనో యన్నచో ఆకలిగొన్న అల్లరి సేవకుడు. ముసుగు మాఱదు, కథ మాత్రము దినమున కొకటిగా మాఱుచుండును.

కాలక్రమమున ఈ నాటకములు మోటుతనమునకు దిగెను. చెప్పిన హాస్యమునే మరల మరల చెప్పుట, అసభ్యపు మాటలాడుట నటులకు అలవాటయ్యెను. ఆ స్థితిని చూచి కార్లో గోల్దోని అను నాటకకర్త సంస్కరణమునకు పూనుకొనెను. ఆయన 1707లో వెనిస్ నగరమున జన్మించెను. నటులు కవి వ్రాసిన మాటలనే పలుకవలెననియు, ముసుగులు తొలగవలెననియు, రంగముమీద నిజమైన మనుష్యులు కనబడవలెననియు ఆయన వాదించెను. వర్తకులు, జాలరులు, పనిమనుషులు, పొరుగిండ్ల తగవులు - ఇవి ఆయన నాటకములకు వస్తువులు. జనులు ఆయనను మెచ్చుకొనిరి.

ఈ సంస్కరణము కార్లో గోట్సీ అను మఱియొక రచయితకు రుచింపలేదు. గోట్సీ 1720లో అదే నగరమున, సంపద తఱిగిన ప్రభువంశమున పుట్టినవాడు. పాతముసుగుల నాటకమునకు ఆయన గొప్ప అభిమాని. “ఇరుగుపొరుగువారి తగవులను చూచుటకు నాటకశాలకు పోవనేల? కిటికీ తెఱచిన చాలును గదా!” అనునట్టిది ఆయన అభిప్రాయము. వెనిస్ పౌరులను నాటకశాలకు రప్పించుటకు అవ్వలు పిల్లలకు చెప్పు కథ యొక్కటి చాలునని ఆయన పందెము కట్టినట్లు నిలిచెను.

1761 జనవరి 25వ తేదీన సాన్ సామువేలె నాటకశాలలో ఆంటోనియో సాక్కి అను ప్రసిద్ధనటుని సమాజమువారు గోట్సీ కూర్చిన ‘మూడు నారింజపండ్లపై వలపు’ అను నాటకమును ప్రదర్శించిరి. నవ్వు మఱచిన రాకుమారుడు, అతనికి శాపమిచ్చిన మంత్రగత్తె, కోయగనే కన్యలు వెలువడు పండ్లు - ఇదియే కథ. అందలి మాంత్రికుని వేషమున గోల్దోనిని, మంత్రగత్తె వేషమున మఱియొక రచయితయైన కియారిని గోట్సీ ఎగతాళి చేసెను. నాటకము దిగ్విజయముగా నడచెను. దానితో ఉత్సాహము పొంది ఆయన 1765 వఱకు మొత్తము పది మాయానాటకములను రచించెను. గోల్దోని 1762లో వెనిస్ విడిచి పారిస్ నగరమునకు తరలిపోయెను.

ఆ పదింటిలో 1762లో ప్రదర్శింపబడిన ‘ఇల్ రె చెర్వో’ అను నాటకము మనకు ముఖ్యము. దానిని ‘హరిణరాజు’ అని తెనిగింపవచ్చును. దాని కథ యిట్టిది.

సెరెందిప్పో అను రాజ్యమును దెరామో అను రాజు పాలించుచుండెను. దురందార్తె అను మాంత్రికుడు ఆ రాజునకు రెండు అద్భుతములను ప్రసాదించెను. ఒకటి, ఎదుట నిలిచిన స్త్రీ అసత్యమాడినచో నవ్వునట్టి విగ్రహము. రెండవది, మృతశరీరమునందు ప్రవేశించుటకు వలయు మంత్రము. రాజు తనకు తగిన భార్యకొఱకై వేలకొలది కన్యలను ప్రశ్నించెను. “నేను మిమ్ములనే ప్రేమించుచున్నాను” అని ప్రతి కన్యయు పలికెను. విగ్రహము ప్రతి పర్యాయమును నవ్వెను. తుదకు వృద్ధుడైన పంతలోనే కుమార్తె ఆంజెలా వచ్చెను. ఆమె పలుకులను విని విగ్రహము నవ్వలేదు. రాజు మిక్కిలి సంతసించి, ఇకమీదట భార్యను శంకింపనని చెప్పి, ఆ విగ్రహమును తన చేతులతోనే పగులగొట్టెను.

మంత్రియగు తర్తాల్యా తన కూతురు రాణి కావలెనని ఆశించినవాడు. అంతేకాక ఆంజెలాపై అతనికి దురాశ కలదు. అసూయచే దహింపబడుచు అతడు రాజుతో వేటకు వెడలెను. రాజునకు తనపై నమ్మకము లేదని అడవిలో కపటదుఃఖము నటించెను. సరళహృదయుడైన రాజు తన విశ్వాసమును నిరూపింప దలచి పరకాయప్రవేశమంత్రమును మంత్రికి తెలిపెను. వేటలో కూలిన లేడి శరీరమున తాను ప్రవేశించి చూపెను. వెంటనే తర్తాల్యా అదే మంత్రమును పఠించి, ప్రాణము లేక పడియున్న రాజు శరీరమున దూరెను. రాజు లేడియై అడవిలో నిలిచెను. ద్రోహి రాజై నగరమునకు మరలెను. అంతటితో ఆగక ఆ లేడిని చంపి తెండని భటుల కాజ్ఞాపించెను.

దెరామో లేడి శరీరమును విడిచి, అడవిలో చచ్చిపడియున్న ఒక ముదుసలి దేహమున చేరెను. తలనెరసి, నడుము వంగి, చినిగిన వస్త్రములతో తన నగరమునకే భిక్షకునివలె వచ్చెను. అచ్చట ఆంజెలా కలతపడుచుండెను. భర్త ముఖ మదియే, కిరీట మదియే. కాని మాటలో ఆ మెత్తదనము లేదు, చూపులో ఆ గౌరవము లేదు. అప్పుడు ముదుసలి ఆమెను సమీపించి తన వృత్తాంతమును విన్నవించెను. విగ్రహము లేకున్నను, కన్నులు “ఇతడు భిక్షకుడు” అని చెప్పుచున్నను, ఆమె హృదయము ఆ మాటలలోని భర్తను గుర్తించెను. అంతకుముందే దురందార్తె చిలుకరూపమున ఆ రాజ్యమునకు వచ్చి, పక్షులను పట్టు త్రుఫ్ఫల్దీనో వలలో చిక్కి రాజగృహమున చేరియుండెను. ఆ మాంత్రికుడు నిజరూపము దాల్చి దెరామోకు స్వశరీరమును మరల నిచ్చెను. ద్రోహి తన కర్మమునకు తగిన ఫలము ననుభవించెను.

ఈ కథను వినగనే మీకు ఇది ఎక్కడనో వినినట్లు తోచుచున్నది గదా! తోచుట సహజమే. పరకాయప్రవేశము మన దేశపు కథలలో మిక్కిలి ప్రాచీనమైన విషయము. శంకరాచార్యులు అమరుకుడను రాజు దేహమున ప్రవేశించిన కథను పెద్దలవలన మీరు వినియుందురు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున ఇంద్రదత్తుని కథ యొకటి కలదు. ఇంద్రదత్తుడు గురుదక్షిణకొఱకు బంగారము సంపాదింపగోరి, అప్పుడే మరణించిన నందరాజు దేహమున ప్రవేశించెను. అతని స్వశరీరమును వ్యాడి యను మిత్రుడు కాపాడుచుండెను. మరణించిన రాజు అకస్మాత్తుగా లేచి కూర్చుండుట చూచి శకటాలుడను మంత్రి శంకించి, దేశమునందలి శవముల నన్నిటిని దహింపుడని ఆజ్ఞ యిచ్చెను. కాపాడిన శరీరము కూడ కాలిపోయెను. ఇంద్రదత్తునకు మరలివచ్చుటకు తావు లేకపోయెను. ఈ విషయమును మనసున నుంచుకొనుడు. ముందు దీనితో మనకు పని కలదు.

ఈ కథలు సముద్రము లెట్లు దాటెను? ఢిల్లీనగరమున నివసించిన మహాకవి అమీర్ ఖుస్రో 1302 ప్రాంతమున పారసీకభాషలో ‘హష్త్ బిహిష్త్’ అను కావ్యమును రచించెను. ‘ఎనిమిది స్వర్గములు’ అని దాని యర్థము. అందు హిందూదేశమున వ్యాపించియున్న అద్భుతకథలు చోటు చేసికొనెను. 1557లో వెనిస్ నగరమున ‘సెరెందిప్పో రాజు ముగ్గురు కుమారుల యాత్ర’ అను ఇటాలియను గ్రంథము అచ్చుపడెను. పారసీకమునుండి వచ్చిన కథలని చెప్పుకొన్న ఆ గ్రంథమున అసత్యమును విని నవ్వు విగ్రహమును, పరశరీరమున ప్రవేశించు రాజును కనబడుదురు. సెరెందిప్పో యనగా సింహళము. ఆ గ్రంథము పేరునుబట్టియే ఆంగ్లరచయిత హోరేస్ వాల్పోల్ 1754లో ‘సెరెండిపిటీ’ అను పదమును కల్పించెను. వెదకక యే లభించు మేలు అని దాని భావము. ఆ గ్రంథమునందలి కథలను గ్రహించియే రెండువందల యేండ్ల తరువాత గోట్సీ తన నాటకమును కూర్చెను. కనుక వెనిస్ ప్రజలు కరతాళములు చేసిన కథ మన నేలనుండి వర్తకుల వెంట, కవుల వెంట నడచిపోయిన కథయే.

అట్లు వెలిగిన గోట్సీ నాటకములకు తరువాత గ్రహణము పట్టెను. 1806లో ఆయన మరణించునాటికే వెనిస్ జనుల అభిరుచి మాఱెను. స్వదేశమున గోల్దోని కీర్తియే నిలిచెను. గోట్సీని పరదేశీయులు ఆదరించిరి. జర్మను మహాకవి షిల్లర్ గోట్సీ రచించిన ‘తురందో’ నాటకమును తన భాషలోనికి మార్చెను. అది 1802లో వైమార్ నగరమున ప్రదర్శింపబడెను. మూడు పొడుపుకథలు విప్పినవానినే వరింతునని, విప్పలేనివానికి మరణదండన మనియు శపథము చేసిన చీనా రాకుమారి కథ అది. ఇరువదవ శతాబ్దమున ప్రొకోఫియెఫ్ అను రష్యా సంగీతకర్త మూడు నారింజల కథను సంగీతనాటకముగా కూర్పగా 1921లో చికాగో నగరమున ప్రదర్శించిరి. ఇటలీ సంగీతకర్త పుచ్చీనీ కూర్చిన ‘తురందో’ 1926లో మిలాన్ నగరమున వెలసెను.

వీనికంటె మనసును కదలించు పునరుజ్జీవనము మాస్కోలో జరిగినది. యుద్ధములచే, కరవుచే రష్యాదేశము కుంగియున్న దినములవి. ప్రజలకు తిండి లేదు, చలికి కట్టెలు లేవు. అట్టి కాలమున యెవ్గేనీ వఖ్తాంగోవ్ అను దర్శకుడు తన శిష్యులచేత ‘తురందో’ నాటకమును సిద్ధము చేయించెను.  నటులు విందులకు ధరించు దుస్తులతోనే రంగముపైకి వచ్చి, ప్రేక్షకుల యెదుటనే తువ్వాలును తలపాగాగా చుట్టి, కంఠవస్త్రమును గడ్డముగా కట్టుకొని, రాజులుగను మంత్రులుగను మాఱిరి. “మేము నటించుచున్నాము, మీరును మాతో కలసి ఆడుడు” అని వారు చెప్పకయే చెప్పిరి. 1922 ఫిబ్రవరి మాసమున ఆ నాటకము మొదటిసారి ప్రదర్శింపబడినప్పుడు వఖ్తాంగోవ్ కడుపునందలి రాచపుండు వ్యాధితో మంచము పట్టియుండెను. తాను మలచిన నాటకమునకు జనులు పలికిన జయధ్వానములను ఆయన వినలేదు. అదే సంవత్సరము మే 29వ తేదీన కన్నుమూసెను. తరువాత ఆ నాటకశాలకు ఆయన పేరే పెట్టిరి.

‘హరిణరాజు’ నాటకమునకును అట్టి అదృష్టము పట్టెను. 1984లో అమెరికాదేశమున మసాచుసెట్స్ రాష్ట్రమందలి కేంబ్రిడ్జి నగరమున అమెరికన్ రెపర్టరీ థియేటర్ వారు దానిని ప్రదర్శించిరి. దర్శకుడు రుమేనియాదేశీయుడైన ఆంద్రె షెర్బాన్. ముసుగులను, దుస్తులను, బొమ్మలను జూలీ టేమర్ అను కళాకారిణి రూపొందించెను. ఆమె యౌవనమున ఇండోనేషియాలో కొన్ని సంవత్సరములు నివసించి అచ్చటి బొమ్మలాటలను, ముసుగు నృత్యములను చూచి నేర్చినది. ఆసియాఖండమున పుట్టిన కథ యూరపునకు పోయి నాటకమైనది. ఆ నాటకము అమెరికాలో మరల నిలబడునప్పుడు ఆసియాబొమ్మలే దానికి అవయవము లిచ్చినవి. ఆ ప్రదర్శనము పెక్కు సంవత్సరములు పలు నగరములలో సంచరించెను.

ఇక మన యింటి విషయమునకు వత్తము. గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములవారికి నాటకము క్రొత్త కాదు. మన సీమలో జాతరలకు, ఉత్సవములకు రాత్రి తెల్లవార్లు పద్యనాటకము లాడుట, తోలుబొమ్మలాటలు పెట్టుట పెద్దలందఱు ఎఱిగినదే. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడు వఱకు బళ్లారి జిల్లాలోనిది. ఆ బళ్లారి తెలుగునాటకమునకు పుట్టినిండ్లలో నొకటి. ‘ఆంధ్రనాటకపితామహుడు’ అని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు, చారిత్రకనాటకములు రచించిన కోలాచలము శ్రీనివాసరావు అచ్చటనే తమ నాటకసభలను నడపిరి. రామకృష్ణమాచార్యుల మేనల్లుడైన బళ్లారి రాఘవ నటనలో సహజత్వమును కోరెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టెను. గోల్దోని వెనిస్‌లో కోరినదియు ఇట్టి సహజత్వమునే. సహజత్వ మొకవైపు, అద్భుత మొకవైపు - ఈ రెండు కోరికలును ప్రతి దేశపు నాటకమునందును ఉండుననుటకు ఇది నిదర్శనము.

తెలుగుదేశమున అద్భుతపక్షమును నిలిపినవారు సురభినాటకసమాజములవారు. వీరి పూర్వులు మహారాష్ట్రభాష మాటలాడు తోలుబొమ్మలాటవారు. 1885లో కడపజిల్లాలోని సురభి గ్రామమున వనారస గోవిందరావు తనవారితో కలసి ‘కీచకవధ’ను ప్రదర్శించెను. అంతవఱకు తెరవెనుక బొమ్మల నాడించిన చేతులవారు తామే తెరముందునకు వచ్చిరి. ఆ గ్రామము పేరే వారికి వంశనామ మయ్యెను. కుటుంబము పెరిగినకొలది సమాజములును పెరిగి, పదులకొలది యయ్యెను. తాత, కొడుకు, మనుమరాలు ఒకే నాటకమున నటించుట వారిలో పరిపాటి. ఊయలలోని శిశువు శ్రీకృష్ణుడై రంగమెక్కును. నడక నేర్చినవాడు ప్రహ్లాదుడగును. పురుషులే స్త్రీవేషములు వేయుచుండిన ఆ దినములలో సురభివారి స్త్రీలు స్వయముగా స్త్రీపాత్రలు ధరించిరి. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీచిత్రము ‘భక్తప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబమునందలి వనితయే.

సురభివారి నాటకములలో ‘మాయాబజారు’ మిక్కిలి ప్రసిద్ధము. బలరాముని కుమార్తె శశిరేఖను అభిమన్యునకు కాక దుర్యోధనుని కుమారుడైన లక్ష్మణకుమారునకు ఇచ్చుటకు పెద్దలు నిశ్చయింతురు. అంత ఘటోత్కచుడు నిదురించుచున్న శశిరేఖను తరలించి, తానే శశిరేఖ రూపము దాల్చి, పెండ్లివారిని ముప్పుతిప్పలు పెట్టును. ఈ కథ వ్యాసభారతమున లేదు, జనులు కల్పించుకొనినది. హరిణరాజునందు ద్రోహి రాజురూపము ధరించెను. ఇచ్చట సాహాయ్యము చేయగోరినవాడు కన్యరూపము ధరించెను. రూప మొకటి, లోపలి ప్రాణ మొకటి యగుటయే రెండింటను హాస్యమునకు మూలము. చూపరులకు నిజము తెలియును, రంగముమీదివారికి తెలియదు. అందువలననే నవ్వు పుట్టును.

ఈ మాయలను సురభివారు సాధించు తీరు చూచి తీరవలసినదే. యంత్రములు విస్తారముగా లేవు. చీకటిలో కనబడని సన్నని తీగలు, కప్పీలు, త్రాళ్లు, రంగులు పూసిన తెరలు, వానికి తోడు కఱ్ఱచట్రములు - ఇవియే వారి సాధనములు. నారదుడు మేఘముపై దిగివచ్చును. నిదురించు శశిరేఖతో మంచము ఆకసమున కెగయును. ఘటోత్కచుని యెదుటి లడ్డులు తమంత తామే వాని నోటిలోనికి పోవును. ఆకసమున రెండు బాణములు ఎదురై నిప్పులు రాల్చును. త్రాడు లాగువాడు ఒక్క క్షణము తడబడినచో నటుడు క్రిందపడును. అందుచేత ఆ నేర్పు పుస్తకములవలన గాక తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినది. ఎవరి చేయి ఎప్పుడు సడలునో, ఎప్పుడు బిగియునో ఆ కుటుంబమువారికి మాట లేకయే తెలియును.

ఇట్టి విద్యకు చలనచిత్రము గట్టి దెబ్బ కొట్టెను. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన ‘మాయాబజారు’ చిత్రమును తెలుగువారు నేటికిని మఱువలేదు. తీగలతో సురభివారు చేసిన మాయను ఛాయాగ్రహణపు నేర్పు ఇంకను తేలికగా చేసి చూపెను. ఊరూర చిత్రశాలలు వెలసిన పిమ్మట డేరాలలోని నాటకమునకు జనులు తగ్గిరి. సమాజము లొక్కొక్కటిగా మూతపడెను. ఇరువదవ శతాబ్దము ముగియునాటికి వ్రేళ్లపై లెక్కింపదగిన సమాజములు మాత్రమే మిగిలెను. పిల్లలు చదువులకు, ఇతరవృత్తులకు మరలిరి. ఇది వారి తప్పు గాదు. కళపై ప్రేమ యున్నను ఆకలికి అన్నము కావలెను గదా!

అట్టి సమయమున, 1990ల నడుమ, కన్నడరంగస్థలమున ప్రఖ్యాతుడైన దర్శకుడు బి.వి. కారంత్ సురభివారియొద్దకు వచ్చెను. వారితో కూడియుండి, వారి పాటలను, తెరలను, శరీరాభ్యాసమును గ్రహించి, ‘భీష్మ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ మున్నగు క్రొత్త నాటకములు చేయించెను. యాదమ్మ కథకు మూలము జర్మను నాటకకర్త బ్రెహ్ట్ రచన. పరదేశపు కథ తెలుగు బస్తీలో ప్రవేశించి తెలుగు పలుకులు పలికెను. పాతవిద్య క్రొత్త నాటకమునకు పనికివచ్చునని దీనివలన తేలెను. 2013లో సురభివారు ఫ్రాన్సుదేశపు మెట్జ్ నగరమున జరిగిన నాటకోత్సవమున ప్రదర్శన లిచ్చిరి. అదే సంవత్సరము సురభి బాబ్జీ యని పేరొందిన ఆర్. నాగేశ్వరరావుకు భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించెను.

ఇప్పుడు వెనిస్ నాటకమును, సురభినాటకమును ప్రక్కప్రక్కన నుంచి ఆలోచింపుడు. గోట్సీ నాటకములు గ్రంథములందు నిలిచినవి. వానిని ఆడిన నటుల విద్య మాత్రము చాలవఱకు నశించెను. సాక్కి సమాజమువారు రంగముపై అప్పటికప్పుడు పలికిన మాటలు, వారి చేతిచలనములు ఎవరికిని తెలియవు. కావుననే వఖ్తాంగోవ్, షెర్బాన్ వంటివారు పాతకథకు క్రొత్తశరీరమును కల్పింపవలసివచ్చెను. సురభివారి విషయము దీనికి భిన్నము. ఇచ్చట ఆ విద్య తెలిసిన చేతులు ఇంకను ఉన్నవి. తండ్రి చేతిలోని త్రాడు కొడుకు పట్టుకొనుచునే యున్నాడు.

ఇంద్రదత్తుని కథ ఇచ్చట జ్ఞప్తికి రావలెను. కథ యనునది ప్రాణము వంటిది. అది కాశ్మీరమునుండి ఢిల్లీకి, ఢిల్లీనుండి పారసీకులద్వారమున వెనిస్‌కు, అచ్చటినుండి సముద్రముల కావలకు ఒక్కొక్క శరీరమున ప్రవేశించుచు పోగలదు. కాని మరలి వచ్చుటకు దానికి స్వగృహమున ఒక శరీరము ఉండవలెను. తెరలు, తీగలు, రాగములు, అభ్యాసము గల నటులు - ఇవియే ఆ శరీరము. వ్యాడివలె దానిని కాపాడువా రుండినచో ప్రాణము తిరిగివచ్చును. “ఇవి పాతపడినవి, కాల్చివేయుడు” అనెడి శకటాలుని ఆజ్ఞయే నెగ్గినచో అది తిరిగి రాదు.

మఱియొక హెచ్చరికయు కలదు. తర్తాల్యా రాజు శరీరమును ధరించెను గాని రాజు కాలేదు. అట్లే పాతనాటకము తెరలను, కిరీటములను మాత్రము చూపి, అందలి సంతోషమును, ధర్మబుద్ధిని విడిచినచో అది పునరుజ్జీవనము కానేరదు. చినిగిన వస్త్రములలోని భర్తను ఆంజెలా గుర్తించినట్లు, తువ్వాలు తలపాగా చుట్టుకొన్న నటునియందు రాజును మాస్కో ప్రజలు గుర్తించిరి. లోపలి ప్రాణము నిజమైనదైనచో వేషము పేదదైనను లోపము లేదు.

మాయకథ పసిపిల్లల కొఱకేనా యను ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. నవ్వు విగ్రహము లోకమున లేదు. కాని అసత్యము కలదు, దానిని కనిపెట్టవలసిన అవసరము కలదు. పరకాయప్రవేశము ఎవ్వరును చేయలేరు. కాని పెద్ద పదవిలో చిన్న మనసులును, చిరిగిన బట్టలలో గొప్ప మనసులును ప్రతిదినము మనకు కనబడుచునే యున్నవి. ఉన్నదానిని చూపుటకు లేనిదానిని కల్పించుటయే మాయకథ చేయు పని. గోల్దోని మనుష్యులను ఉన్నట్లే చూపెను. గోట్సీ వారిని లేడిగను చిలుకగను మార్చి చూపెను. ఇద్దఱును చూపినది మనుష్యులనే.

విద్యార్థులారా! మీ ఊరి జాతరలో నాటక మాడునప్పుడు, తోలుబొమ్మలాట వచ్చినప్పుడు, సురభివారి ప్రదర్శనము సమీపనగరమున జరిగినప్పుడు తప్పక చూడుడు. నాటకము ముగిసిన పిమ్మట తెరవెనుకకు పోయి, ఆ తీగను లాగిన చేతులను, ఆ తెరను చిత్రించిన చేతులను చూచి, వారి నేర్పును వినయముతో అడిగి తెలిసికొనుడు. మీ యింటిలోని అవ్వ చెప్పు కథను శ్రద్ధగా విని వ్రాసి యుంచుకొనుడు. ఏ కథ ఏ దేశమునకు పోయి యే రూపమున తిరిగివచ్చునో ఎవరికి తెలియును? తిరిగివచ్చిన దినమున దానిని పోల్చుకొనువారు ఇంటిలో నుండవలెను.